ముల్లు మీటరు

నర్మెట్ట ప్రాంతంలో వ్యవసాయం అనగా బోరు, బోరు అనగా మోటారు, మోటారు అనగా కరెంటు. దేవాదుల నీళ్లు వచ్చి బొమ్మకూరు జలాశయం నిండిన తరువాత చెరువుల కింద కొంత ఊరట కలిగిన మాట నిజమే. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు ఇచ్చుట మొదలైన మాటయు నిజమే. అయినను ట్రాన్స్‌ఫార్మరుకు దూరాన, లైను చివర ఉన్న పొలాలకు చేరే కరెంటు ఎంత అనేది ఎప్పటికప్పుడు కొలిచి చూడవలసిన విషయమే. మూడు ఫేజులలో ఒకటి తప్పినప్పుడు మోటారును అట్లే నడిపినచో వైండింగు మాడిపోతుంది. ఆ మాడిన మోటార్లను విప్పి, రాగితీగ చుట్టి, తిరిగి నడిపించుట మా అబ్బాజాన్ వృత్తి. అందుచేత మా ఇంట్లో బియ్యం డబ్బా ఎంత ముఖ్యమో మీటరు అంత ముఖ్యం.

మేము అనగా మేమిద్దరం అన్నదమ్ములం. చిన్ననాటి నుండి ఆ దుకాణంలోనే పెరిగినాము. ఇంటర్మీడియట్ చదివే రోజులలో మా సొంత డబ్బుతో అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కొని, అబ్బాజాన్ బల్లమీద ఉన్న నల్లని బరువైన ముల్లు మీటరును చూసి లోలోపల నవ్వుకొనేవారము. దాని తోలుపట్టీ తెగిపోగా ఆ స్థానంలో సుతిలి కట్టి ఉండేది. ఓములు చూపే భాగం ఏనాడో చెడిపోయినది. మా మీటరు మాత్రం అంకెలలో, దశాంశంతో సహా చెప్పేది. అంకె కనిపించిన చోట మనిషి సాధారణంగా సందేహించడు. ఆ దోషం మాలో పుష్కలంగా ఉండేది.

ఒక యాసంగిలో, వరి పొట్టకు వచ్చిన సమయాన, మేము కాకా అని పిలిచే ఒక ముసలి రైతు తన మోటారు ఎత్తుకోవడం లేదని, గూమని మూలిగి ఆగిపోతున్నదని కబురు పంపినాడు. అబ్బాజాన్ ఊళ్లో లేరు. మేమే వెళ్లినాము. స్తంభం నుండి స్టార్టరు డబ్బా వరకు మూడు తీగల కేబులు పొలంగట్టు వెంట వేసి ఉన్నది. స్టార్టరు వద్ద మా డిజిటల్ మీటరు పెట్టి చూడగా రెండు ఫేజుల మధ్య నాలుగు వందల పైన చూపినది. మూడవ ఫేజు వద్ద మాత్రం రెండు వందల చిల్లర. “కాకా, మూడో ఫేజులో వోల్టేజి తక్కువ వస్తున్నది. లోపం లైనులో ఉన్నది, నీ కేబులులో కాదు” అని తీర్పు చెప్పి వచ్చినాము. కాకా లైను చూసేవారికి చెప్పుకొన్నాడు. వారు వచ్చి ట్రాన్స్‌ఫార్మరు వద్ద పరీక్షించి అంతా సరిగానే ఉన్నదన్నారు. వారు చెప్పినదే నిజమని మాకు అప్పుడు తోచలేదు. మరల వెళ్లి మరల అదే మీటరు పెట్టి, మరల అదే మాట చెప్పినాము. ఈ విధంగా నాలుగు దినాలు గడిచినవి. మడి నెర్రెలు వారినది.

ఐదవనాడు అబ్బాజాన్ తిరిగివచ్చి, సంగతి విని, ఏమీ మాట్లాడక ముల్లు మీటరును సంచిలో పెట్టుకొని బయలుదేరినారు. స్టార్టరు వద్ద మూడవ ఫేజుకు తగిలించగా ముల్లు యాభై దగ్గర ఆగినది. తీగలు తీసివేసి, గుండీని కింది రేంజికి తిప్పి, మరల తగిలించినారు. ఈసారి ముల్లు పదిహేను కూడా దాటలేదు. నిజమైన వోల్టేజి రేంజి మార్చినంత మాత్రాన మారదు గదా! ఆ పిమ్మట రెండు బల్బులను వరుసగా కలిపి చూపించినారు. ఎర్రబడనైనా లేదు. కేబులు వెంట నడుస్తూ స్టార్టరుకు పది మీటర్ల దూరంలో పాత అతుకు ఒకటి కనుగొని టేపు విప్పగా, లోపల అల్యూమినియం తీగ తెల్లని పిండివలె పొడియై ఉన్నది. అతుకు వేయుటకు పావుగంట పట్టినది. నీళ్లు వచ్చినవి గాని, ఆ మడిలో సగం గింజ తాలైపోయినది.

మేము తలవంచుకొని నిలబడగా కాకా అన్నమాట మాకు ఇప్పటికీ గుర్తున్నది. “మీటరు సూపిచ్చినంక నేనేమంటా బిడ్డా? అండ్ల రాసున్నది గద.” కోపపడి ఉంటే బాగుండేది. ఇంటికి వచ్చే దారిలో అబ్బాజాన్ మాత్రం మా దక్కనీలో ఒక్క వాక్యం అన్నారు: “మీటర్ ఝూట్ నై బోలా, తుమ్ పూఛేచ్ గలత్.” మీటరు అబద్ధం చెప్పలేదు, మీరే తప్పుగా అడిగినారు అని.

ఆ తప్పు ఏమిటో అర్థం చేసుకొనుటకు మాకు కొంత కాలం పట్టినది. మా డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు కోటి ఓములు. అది తీగనుండి దాదాపు ఏమీ తీసుకోదు. తెగిపోయిన తీగ తక్కిన రెండు తీగల ప్రక్కనే, ఒకే తొడుగులో ఉన్నందున, వాటి ప్రభావం దానిపై నీడవలె పడుతుంది. ఆ నీడలో బలం లేదు. దీపం వెలిగించలేదు, మోటారును కదిలించలేదు. అయినను ఏమీ అడగని మీటరుకు అది వోల్టేజివలెనే కనబడుతుంది. ముల్లు మీటరు అట్లు కాదు. ఆ ముల్లు కదలవలెనంటే తీగ కొంత విద్యుత్తును నిజంగా ఇచ్చుకోవాలి. ఎ.సి. కొలిచేటప్పుడు దాని నిరోధం కోటి కాదు, లక్షలలోనే ఉంటుంది. రేంజి తగ్గించిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. నీడ ఆ బరువును మోయలేక కూలిపోతుంది.

నాటి నుండి ఆ నల్లని పెట్టెపై మాకు భక్తి కలిగినది. దాని వంశచరిత్ర కూడా తెలుసుకొన్నాము. బ్రిటిషు తపాలాశాఖలో ఇంజనీరుగా పనిచేసిన డొనాల్డ్ మెకాడీ అనే ఆయన, తంతి, టెలిఫోను లైన్ల మరమ్మతుకు వేరువేరు మీటర్లు మోయలేక విసిగి, ఆంపియరు, వోల్టు, ఓము మూడింటినీ ఒకే పెట్టెలో చేర్చినాడు. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి ‘ఏవో’ అని పేరు. 1923లో అది అంగడికి వచ్చినది. 1951లో వచ్చిన ఎనిమిదవ నమూనా ఎంత గట్టిదనగా, మార్పులు చేర్పులతో 2008 వరకు తయారవుతూనే ఉన్నది. మన దేశంలో మోట్వానే వారు ‘8ఎక్స్’ అనే పేరుతో ఆ పద్ధతి మీటరునే తయారుచేసినారు. రైల్వేలో, టెలిఫోను శాఖలో పనిచేసిన పెద్దలు చాలామంది దానిని ఎరుగుదురు. మా అబ్బాజాన్‌ది ఆ మోట్వానేయే. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఒక గురువారంనాడు, అప్పటికే ఎవరో వాడి వదిలినది, బేరమాడి తెచ్చుకొన్నారట.

దానిని బాగుచేయుటతో మా ఈ వ్యసనం మొదలైనది. వైండింగు దుకాణంలో గాలినిండా ఇనుపరజను ఉంటుంది. లోపలి అయస్కాంతం దానిని పీల్చుకొన్నచో ముల్లు పనికి రాదు. కాబట్టి ఇంట్లో, మంచంమీద తెల్లని దుప్పటి పరచి, దోమతెర దించి, ఆ తెరలోపల కూర్చొని వెనుక మూత విప్పినాము. మా అమ్మీ చూసి, ఎవరికైనా ఆపరేషను చేస్తున్నారా అని అడిగినది. లోపల మూడు బల్లిగుడ్ల పెంకులు, ఒక ఎండిన సాలీడు, కారిపోయిన బ్యాటరీ. పాతరకం జింకు సెల్లు కారిన చోట ఆమ్లం ఉంటుంది గనుక వంటసోడా నీళ్లతో తుడవాలి. నేటి ఆల్కలైన్ సెల్లు కారినదైతే క్షారం, దానికి వెనిగరు వాడాలి. ఇది తెలియక ఒకదానికి ఒకటి వాడేవారు చాలామంది. తుడిచిన తరువాత ఇత్తడి పట్టీలు మెరిసినవి. గుండీల కింది స్పర్శకాలను స్పిరిటుతో కడిగినాము.

ఓములు చూపకపోవుటకు కారణం అత్యల్పం. పెద్ద నిరోధాలను కొలుచుటకు ఆ మీటరుకు పదిహేను వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి కావాలి. అది ఇప్పుడు అంగళ్లలో దొరకడం లేదు. కారు తాళాల రిమోటులో వేసే పన్నెండు వోల్టుల బ్యాటరీకి రెండు గుండీ సెల్లులు చేర్చగా సరిగ్గా పదిహేను వచ్చినది. ఇన్ని సంవత్సరాలు అబ్బాజాన్ చెడిపోయినదని వదిలివేసిన భాగం ఒక్కసారిగా బ్రతికినది. మీటరు తట్టుకోలేనంత కరెంటు వచ్చినప్పుడు టక్కున పైకి ఎగిరి ప్రాణం కాపాడే గుండీ ఒకటి దానిలో ఉన్నది. అది మురికిచేత బిగుసుకొని ఉండగా దానినీ విడిపించినాము. చిట్టచివర అద్దం పొడిబట్టతో తళతళలాడేటట్లు తుడిచి, ముల్లు మధ్యలో అతుక్కుపోవుట చూసి గుండె ఆగినంత పనైనది. అద్దంమీద పుట్టిన స్థిరవిద్యుత్తు ముల్లును లాగుతున్నదని తరువాత తెలిసినది. తడిబట్టతో ఒకసారి అదిమితే సరిపోయినది. పగిలిపోయిన పాత రబ్బరు తీగలు మాత్రం పారవేసి, ఫ్యూజు గల కొత్తవి వేసినాము. పాత మీటరుపై ఎంత మమకారం ఉన్నను ప్రాణంతో పరాచికం పనికిరాదు. నేటి మీటర్లకు ఉన్న రక్షణలన్నీ ఆనాటి వాటిలో లేవు.

ఇంక కొనుగోళ్ల సంగతి. హైదరాబాదుకు ఇటువంటి సామాను ఎక్కడినుండి వస్తుందని చాలామంది అడుగుతారు. ఆ నగరంలో 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యాన ఇ.సి.ఐ.ఎల్. వెలసినది. 1970లో భారత్ డైనమిక్స్ వచ్చినది. రక్షణ పరిశోధనశాలలు ఉన్నవి. ప్రభుత్వ సంస్థలలో కాలం తీరిన పరికరాలను వేలం వేయుట వాడుక. వేలంలో కొన్నవారు బరువు లెక్కన అమ్ముతారు. అక్కడినుండి ఒక్కొక్కటి ఎర్రగడ్డ ఆదివారం సంతకో, మరో సందులోని పాతసామాను దుకాణానికో చేరుతుంది. మేము జనగామలో తెల్లవారుజాము రైలెక్కి, సంత సర్దుకొనే లోపలనే చేరుకొనేవారము. విడిభాగాలకు కోఠీలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉన్నది.

ముల్లు మీటరు కొనేవారికి ఒక కిటుకు చెప్పెదము. అంగడివాని వద్ద బ్యాటరీ ఉండదు, కరెంటు ఉండదు. మీటరును అతి తక్కువ కరెంటు రేంజిలో పెట్టి, మెల్లగా ఊపి ముల్లు ఎంత చురుకుగా ఊగుతున్నదో చూడాలి. తరువాత రెండు కొసలనూ ఒక తీగతో కలిపి మరల ఊపాలి. ఈసారి ముల్లు తేనెలో మునిగినట్లు మందగించినచో లోపలి చుట్ట క్షేమం. తేడా లేనిచో చుట్ట తెగినట్లే, అది ఎంత చౌకయైనను తిరిగి పెట్టివేయాలి. ఈ పరీక్ష చేస్తూ ఉండగా ఒక అంగడివాడు మేము మంత్రం వేస్తున్నామనుకొని ధర పెంచినాడు.

డిజిటల్ మీటర్లకు ఈ కిటుకు లేదు. బల్లమీద పెట్టి వాడే పెద్ద మీటరు ఒకటి, పైకి కొత్త పెళ్లికూతురువలె ఉన్నదానిని, పన్నెండు వందలకు కొని జనగామ వరకు ఒడిలో పెట్టుకొని తెచ్చి విప్పితే లోపల సగం చిప్పలు ఊడబెరికి ఉన్నవి. ఆ పై వారం వెళ్లి అడుగగా అంగడివాడు, “మీరు మీటరు అడిగిన్రు, మీటరిచ్చిన. లోపల ఏముందని అడిగిన్రా?” అన్నాడు. కోపం వచ్చిన మాట వాస్తవమే గాని, అబ్బాజాన్ చెప్పిన వాక్యమే మరల విన్నట్లైనది.

ముల్లు మీటరు ఉండగా బల్లమీటరు ఎందుకని పాఠకులు అడుగవచ్చు. ఒక్క లెక్క చూడుడు. లక్ష ఓముల నిరోధాలు రెండు వరుసగా కలిపి పది వోల్టులు ఇచ్చినచో వాటి నడుమ ఐదు వోల్టులు ఉండాలి. అక్కడ మన ముల్లు మీటరును పది వోల్టుల రేంజిలో పెట్టినచో నాలుగే చూపుతుంది. డి.సి.లో వోల్టుకు ఇరవైవేల ఓముల చొప్పున దాని సొంత నిరోధం రెండు లక్షలు. తాను అడిగిన దానం వలన తాను కొలిచేదానినే అది తగ్గించివేస్తున్నది. పొలంగట్టు మీద సత్యవాది అయిన మీటరు స్టెబిలైజరు చిప్పలో అసత్యవాది అవుతుంది. ఈనాడు స్టార్టర్లలోనూ చిప్పలు వచ్చినవి. కనుక రెండూ కావలసివచ్చినది.

చివరకు 1980ల నాటి హ్యూలెట్ పాకార్డ్ 3478ఎ ఒకటి మా చేతికి చిక్కినది. ఐదున్నర అంకెల మీటరు. వెనుక వోల్టేజి మీట సరిగా ఉన్నదో లేదో చూసి, బల్బు వరుసలో పెట్టి మెల్లగా కరెంటు ఇచ్చినాము. వెలిగినది! ఆనాటి మా ఆనందం చెప్పతరం కాదు. అయితే దాని సవరణ లెక్కలన్నీ ఒక జ్ఞాపక చిప్పలో, మూడు వోల్టుల లిథియం సెల్లు అండతో దాగి ఉంటవి. ముప్పై ఏళ్లు దాటిన ఆ సెల్లును మార్చవలెనని మాకు తెలుసు. మార్చునప్పుడు బయటినుండి మూడు వోల్టులు ముందుగా అందించవలెనని మాత్రం తెలియదు. తెలియకపోవుట కూడా కాదు, తొందర. టంకం వేడిచేసి సెల్లును పెకలించిన క్షణంలోనే, ఎక్కడో ఒక ప్రయోగశాలలో ఎవరో శ్రద్ధగా దానికి నేర్పిన లెక్కలన్నీ చెరిగిపోయినవి. మరల వెలిగించగా, తాను సరిదిద్దబడలేదని తెరమీద తానే చెప్పుకొన్నది. తన అంకెను నమ్మవద్దని తానే చెప్పిన మీటరును మేము అదివరకు చూడలేదు. మా పసుపుపచ్చది ఆనాడు పొలంలో ఆ మాట చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

దానిని సరిదిద్దించుటకు ప్రమాణ ప్రయోగశాలకు పంపాలి. ఆ ఖర్చు మేము కొన్న ధరను మించుతుంది. డబ్బు కూడే వరకు అది అలమరలో ఉన్నది. ఈలోగా ముల్లు మీటరునైనా దేనితో సరిచూచుట? రెండు మీటర్లు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమని లేదు. ఇద్దరు సాక్షులూ ఒకే చోట పొరబడవచ్చు. పూర్వం దీనికై 1893లో ఎడ్వర్డ్ వెస్టన్ కనిపెట్టిన ప్రమాణ సెల్లు ఉండేది. దాని వోల్టేజి సుమారు 1.018. 1990 నుండి ప్రపంచమంతటా వోల్టును జోసెఫ్సన్ ప్రభావం ఆధారంగా నిలుపుతున్నారు. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాలకు మూలస్థానం. అక్కడినుండి మెట్టుమెట్టుగా దిగి జిల్లాలోని ఒక దుకాణం వరకు ఆ వోల్టు చేరాలి.

మాకు చేరినది మన కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాల నుండి. అక్కడ పొటెన్షియోమీటరు ప్రయోగానికి డేనియల్ సెల్లు కడతారు. 1836 నాటి ఆ సెల్లులో రాగిపాత్ర, మైలుతుత్తం ద్రావణం, సచ్ఛిద్రపాత్ర, సజల గంధకికామ్లం, పాదరసం పూసిన జింకు కడ్డీ ఉంటవి. తాజాగా కట్టినచో 1.08 వోల్టులకు అటూ ఇటూగా ఇస్తుంది. విద్యార్థులు దానిని విసుగుతో కడతారు, మేమూ ఒకనాడు అట్లే కట్టినాము. ఇప్పుడు మాష్టారుగారి అనుమతితో మీటరు పట్టుకొని వెళ్లి కట్టినప్పుడు చేతులు కొంచెం వణికినవి. ముల్లు ఒకటి దాటి, ఒకటింబావుకు చాలా ముందుగా, ఉండవలసిన చోటికి ఒక వెంట్రుకంత తక్కువలో నిలిచినది. స్కేలు వెనుక అద్దపు పట్టీ ఎందుకున్నదో అప్పుడు తెలిసినది. ముల్లు తన నీడను తాను కప్పుకొనే చోటినుండి చూస్తేనే అది సరియైన కొలత.

కొలతను గూర్చి మన ఇళ్లలో మాట్లాడుకొనే మాట ‘మీజాన్’, అనగా త్రాసు. తూకంలో కొలతలో తగ్గించేవారిని హెచ్చరించుటకు ఖుర్ఆన్‌లో ఒక అధ్యాయమే, 83వది, ఉన్నది. 1940లలో హైదరాబాదు నుండి అదే పేరుతో ఉర్దూలోను, తెలుగులోను పత్రిక వెలువడగా తెలుగు ‘మీజాన్’కు అడివి బాపిరాజుగారు సంపాదకత్వం వహించినారు. కావాలని తగ్గించినవాని సంగతి అట్లుండగా, తెలియక తప్పు కొలిచినవాని మాట ఏమని మేము ఒకనాడు అబ్బాజాన్‌ను అడిగినాము. ఆయన చుడుతున్న తీగనుండి తల ఎత్తలేదు. “కాకా దగ్గరికి పోయి అడుగుండ్రి” అన్నారు.

అడుగుటకు ధైర్యం చాలలేదు. కాని పోయిన యాసంగిలో కాకాయే మరల పిలిచినాడు. వెళ్లేసరికి గట్టుమీద తువ్వాలు పరచుకొని కూర్చొని ఉన్నాడు. సంచివైపు చూసి, “ఆ ముల్లుదే తెచ్చిన్రా?” అన్నాడు. తెచ్చినామన్నాము. స్టార్టరు మూత తీసి మూడు ఫేజులనూ రెండేసి చొప్పున చూసినాము. మూడుసార్లూ ముల్లు మూడువందల ఎనభై దగ్గర ఆగినది. కింది రేంజికి తిప్పుటకు అవకాశం లేదు గనుక బల్బులు కూడా పెట్టినాము, ఒక్కతీరుగా వెలిగినవి. ఎ.సి.లో ఆ మీటరు పూర్తి స్కేలుకు ఇంచుమించు రెండు శాతం తేడా చూపవచ్చునని, అనగా మూడువందల అరవై కావచ్చు, నాలుగువందలు కావచ్చునని కాకాకు చెప్పినాము.

“గంతేనా? పెట్టమంటరా మరి?” అన్నాడు.

పెట్టమన్నాము. మోటారు ఎత్తుకొన్నది. పైపు రెండుసార్లు గాలి కక్కి, తరువాత నీళ్లు పోసినది. కాకా లేచి, ఆ నీళ్లలో కాళ్లు కడుక్కొని, మడవ తిప్పుటకు వెళ్లినాడు.